యజమాని పేరు అనసూయ

పోలీసులు వార్డులోకి వచ్చేసరికి మొమెనా గంజి తాగుతోంది. ఎడమచేత్తో గ్లాసు పట్టుకోవడం ఆమెకింకా చేతకావడం లేదు. అందుకని అనసూయ మంచం అంచున కూర్చుని, గ్లాసు అడుగున తన అరచెయ్యి ఆనించి ఉంచింది.

వచ్చినవాళ్లు ముగ్గురు. ఒక హవల్దారు, ఇద్దరు ఆడ పోలీసులు. హవల్దారు జేబులోంచి కాగితం తీసి మరాఠీలో చదివాడు. "మొమెనా. దవాఖానాలో రాయించిన పేరు సునీత. కిటికీ పక్క మంచం." చదివి మంచం వైపు చూశాడు. ఇంకేమీ అడగలేదు. ఆ వార్డులో మోచేతి కింద చెయ్యి లేని మనిషి ఆమె ఒక్కతే.

"కుట్లు విప్పలేదు. జ్వరం ఉంది," అంది నర్సు.

"అక్కడా డాక్టర్లుంటారు," అన్నాడు హవల్దారు. అక్కడంటే ఎక్కడో చెప్పలేదు.

ఆడ పోలీసు ఒకామె మొమెనాను లేపడానికి, అలవాటు ప్రకారం, కుడిచెయ్యి పట్టుకోబోయింది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆమె చెయ్యి కాసేపు గాలిలో ఆగి, తర్వాత భుజం పట్టుకుంది.

మొమెనా ఏడవలేదు. "దీదీ, జలీల్‌కు చెప్పు," అంది వచ్చీరాని హిందీలో. జలీల్ ఆమె భర్త. అదే సమయానికి మాజ్రి దగ్గరి బొగ్గు డిపో గేటు ముందు జలీల్‌నూ, అతనితో ఉన్న మరో నలుగురినీ జీపెక్కించారని అనసూయకు ఇంకా తెలియదు.

వాళ్లు మెట్లు దిగిపోయాక కూడా గ్లాసు అనసూయ చేతిలోనే ఉంది. అందులో సగం గంజి ఉంది. ఆమె మనసులో ఒకే ప్రశ్న తిరుగుతోంది. సునీత అనే పేరు పోలీసులకు ఎవరు చెప్పారు? చెయ్యి పోయిన రోజు, రక్తం కారుతున్న మొమెనాను ఆటోలో వేసుకుని చంద్రపూర్ తెచ్చింది ఇద్దరు. ఒకరు తాను. ఇంకొకరు డిపోలో లెక్కలు రాసే మున్షీ అనంతరావు. "అసలు పేరు రాపిస్తే లేనిపోని లొల్లి ఐతది వదినా," అని సునీత పేరు రాయించింది అతనే.

ఆ పేరు తాను ఎవరికీ చెప్పలేదు.

ఆ డిపోలో అనసూయ ముకద్దం. తనతో కలిపి ఇరవై రెండు మంది కూలీల గ్యాంగుకు ఆమె పెద్ద. గని నుంచి లారీల్లో వచ్చిన బొగ్గును క్రషర్ నలగ్గొట్టి బెల్టు మీద పోస్తుంది. బెల్టుకు అటూ ఇటూ కూలీలు నిలబడి, కదిలే బొగ్గులోంచి రాళ్లు ఏరి పారేస్తారు. బెల్టు మనిషి కోసం ఆగదు. చెయ్యే దాని వెంట పరుగెత్తాలి. చివర రోలర్ తిరిగే చోట, చేతులు లోపలికి పోకుండా, ఇనుప జాలీ ఉండాలి. అక్కడ జాలీ లేదు.

రెండేళ్ల కింద ఆ జాలీ కోసమే గ్యాంగు ఒకరోజు పని ఆపింది. కాంట్రాక్టరు ఓంప్రకాష్ సేఠ్ జాలీ పెట్టలేదు. మరుసటి నెల ఆరుగురు కొత్త మనుషుల్ని తెచ్చి బెల్టు ముందు నిలబెట్టాడు. దేశ సరిహద్దు అవతల నది మింగేసిన ఊరి నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల దగ్గర ఏ కాగితమూ లేదు. ఆ సంగతి డిపోలో అందరికీ తెలుసు. అందరికంటే ముందు సేఠ్‌కు తెలుసు. "వీళ్లు నోరెత్తరు. మీవాళ్లు వీళ్లను చూసి నేర్చుకోవాలి," అని అనసూయతో అందరి ముందూ అన్నాడు.

వాళ్లు నిజంగానే రెండేళ్లు నోరెత్తలేదు. మొమెనా చెయ్యి రోలర్ కిందికి పోయిన రోజు గ్యాంగంతా బెల్టు దిగి గేటు ముందు కూర్చుంది. జాలీ పెట్టాలి, దవాఖానా భారం సేఠే మోయాలి అన్నారు. రెండోరోజు సేఠ్ కారు వచ్చినప్పుడు అందరికంటే ముందు లేచింది జలీల్. తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టి పైకెత్తి చూపించాడు. "ఇది వాపస్ ఇస్తవా?" అని అడిగాడు. సేఠ్ అద్దం ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మూడోరోజు జీపు వచ్చింది.

ఆ మర్నాడు బస్తీకి నోటీసు వచ్చింది. అనసూయ పేరు మీద వచ్చింది. అందరూ రేకుల షెడ్డు కింద చేరారు. గ్యాంగులో మరాఠీ పది దాకా చదివింది ప్రేమలత ఒక్కతే. ఇరవై రెండేళ్ల పిల్ల. బెల్టు దగ్గర అనసూయ పక్కనే నిలబడుతుంది. కాగితం ముందు మనసులో చదువుకుంది. ఆమె ముఖం మారింది.

"గట్టిగ సదువు బిడ్డా," అంది అనసూయ.

"అక్కా, ఈ కాయితంల సేఠ్ పేరు లేదు."

"మరెవలిదున్నది?"

"నీదున్నది."

ప్రేమలత మళ్లీ మొదటి నుంచి చదివింది, ఒక్కో మాట తెలుగులోకి మారుస్తూ. "కాయితాల్లేని పరదేశం మనుషుల్ని పనిల వెట్టుకున్న మాలిక్. పేరు, అనసూయ. గిట్ల వెట్టుకున్నోళ్లకు జేలు, జుర్మానా ఉంటదట. సోమవారం ఠాణాకు రమ్మంటున్రు."

"నేను మాలికునా?"

"కాయితం గట్లనే అంటుంది."

వెనక నుంచి సారయ్య అన్నాడు, "మాలికమ్మా, జాలీ ఎప్పుడు పెట్టిస్తవ్ మరి?" గ్యాంగులో అందరికంటే పాతవాడు సారయ్య. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అనసూయ కూడా నవ్వింది. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

"గిది చూడుండ్రి," అంది ప్రేమలత కాగితం మీద వేలు పెట్టి. "అక్క పేరు మీద మజ్దూర్లను పెట్టుకునే ఠేకా పట్టా ఉన్నదట. రెండేండ్ల సంది. ఆ ఆరుగురు వచ్చిన నెల్లనే తీసిన్రు."

అనసూయకు ఆ రోజు గుర్తుంది. ఆ ప్రాంతంలో గనులు మొదలైన నాటి నుంచీ ఒక పద్ధతి నడుస్తోంది. గేటు కాగితం మీద ముకద్దం సంతకం పెడితే గ్యాంగంతా పెట్టినట్టే. మిగతా ముకద్దంలు వేలిముద్ర వేస్తారు. అనసూయ సంతకం పెడుతుంది. మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలవి. భర్త బొగ్గుబాయిలో పోయినప్పుడు ఆఫీసు వాళ్లు ఇంకు పెట్టె ముందుకు తోస్తే, దాన్ని వెనక్కి నెట్టి కలం అడిగిన మనిషి ఆమె. అనంతరావు నెలనెలా కాగితం తెచ్చి, వేలితో చోటు చూపిస్తే అక్కడ తన పేరు రాసేది. పైన ఏముందో ఎన్నడూ చదవలేదు. అతను తెలుగువాడు. చంద్రపూర్ బజారులో కొట్టున్న కుటుంబం. వదినా అని పిలుస్తాడు. మనవాడు తెచ్చిన కాగితాన్ని అతని ముందే చదివితే, అతన్ని నమ్మనట్టు అవుతుందనుకుంది.

ఆ మర్యాద రెండేళ్లకు ఈ నోటీసై వచ్చింది.

మధ్యాహ్నం అనంతరావు చంద్రపూర్‌లోని తుకుం నుంచి స్కూటర్ మీద వచ్చాడు. షెడ్డు కింద అంతమంది ఉంటారని అనుకోలేదు. అయినా దిగాడు.

"వదినా, గాబర పడకు. సేఠ్ అన్ని చోట్ల మాట్లాడిండు. ఇగో, ఇది ఠాణాల ఇయ్యాల్సిన నీ బయాన్. రాసే తెచ్చిన. నువ్వొక సంతకం పెడితే అయిపోతది."

"ఏమున్నది దాంట్ల?" అంది అనసూయ.

అతను నొచ్చుకున్నట్టు చూశాడు. "ఇన్నేండ్లల్ల ఎప్పుడన్న అడిగినవా? నా మీద నమ్మకం లేదా?"

"ఉండె. ప్రేమా, సదువు."

ప్రేమలత చదివింది. ఆరుగురూ దొంగ కార్డులు చూపి నాగ్‌పూర్ వాళ్లమని నన్ను మోసం చేశారు. నాకు తెలియదు. డిపో కాంట్రాక్టరుకు అసలే తెలియదు. గాయపడిన స్త్రీ వద్దన్నా వినకుండా, తన నిర్లక్ష్యం వల్ల మెషీన్ దగ్గరికి పోయింది.

"మొమెనాను సునీత అంటరని పోలీసులకెవలు చెప్పిన్రు?" అంది అనసూయ.

అనంతరావు స్కూటర్ వైపు చూశాడు. "సేఠ్ చెప్పమన్నడు. నేను నౌకర్ని వదినా."

"ఈడున్నోళ్లందరు నౌకర్లే."

"నీ మంచికే చెప్తున్న. సంతకం పెడితే నువ్వు బయటుంటవ్, సోమవారం బెల్టు నడుస్తది. పెట్టకుంటే నువ్వు జేలుకు వోతవ్, కోఠారి నుంచి కొత్త గ్యాంగొస్తది. బెల్టు ఎట్లయినా నడుస్తది." కాగితాన్ని నీళ్ల డ్రమ్ము మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద చెంబు పెట్టాడు. స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

చాలాసేపు ఎవరూ ఆ డ్రమ్ము దగ్గరికి పోలేదు.

"పెట్టు చెల్లె," అన్నాడు సారయ్య చివరికి. "వాళ్లు ఎట్లాగూ వోయిన్రు. నువ్వు జేలుకు వోతే తిరిగొస్తరా? ఎంతైనా బయటి దేశపోళ్లు. మనమిక్కడ పుట్టినోళ్లం."

"బజార్ల మనల్ని తెలంగాణవాలే అనే అంటరు గదా కాకా," అన్నాడు విఠల్ అనే యువకుడు.

"అది వేరురా. మనకు ఓటున్నది."

"ఓటున్నది గదా, జాలీ పెట్టిండా?"

ప్రేమలత అందుకుంది.

"కాకా, నేను నిజం చెప్త. ఈ కానూన్ మంచిదే అనుకున్న. మాలికుకు శిక్ష పడితే గరీబోళ్లను దొంగతనంగ తెచ్చి వాడుకునుడు బంద్ అయితదనుకున్న. కానీ కాయితంల మాలిక్ ఏడి? మన అక్కను ఆ జాగల నిలవెట్టి ఆయన పక్కకు జరిగిండు. ఇగ కానూన్ ఆయన జేబుల ఊదే సీటీ అయింది. వాళ్లు నోరు మూసుకున్నన్ని రోజులు ఊదలే. జలీల్ లేచి ఒక్క మాట అడిగిన తెల్లారే ఊదిండు. రేపు మనం అడిగితే మన కోసం ఇంకో సీటీ ఉంటది."

"గవన్నీ సరే. చెల్లె జేలుకు వోవాల్నా మరి?" అన్నాడు సారయ్య.

అందరూ అనసూయ వైపు తిరిగారు. ఆమె పీట మీద కూర్చుని చేతులు చూసుకుంటోంది. ఎంత తోమినా గోళ్ల కింద బొగ్గు పోని చేతులు. భర్త పోయిన తర్వాత ఆమె ఒక్క రాత్రి కూడా ఆ బస్తీ దాటి పడుకోలేదు. జైలు ఎలా ఉంటుందో తెలియదు. తలుపు బయటి నుంచి వేస్తారని మాత్రం తెలుసు.

"నాకు భయమైతంది," అంది. "లేదని ఎందుకు చెప్పాలె. కానీ ఆ కాయితం మీద సంతకం పెడితే, మొమెనా చెయ్యి ఆమె తప్పు వల్ల వోయినట్టు. నేను పక్కకే ఉన్న. ఆమె నడుము పట్టుకొని వెనుకకు గుంజిన. బెల్టు ఆపుండ్రని మొత్తుకున్న. ఆపలే. సారన్నా, నువ్వు చూసినవా, లేదా?"

"చూసిన."

"ఇగ నన్నేం చేయమంటవో నువ్వే చెప్పు."

సారయ్య నోట్లోని తంబాకు పక్కకు ఉమ్మి వచ్చాడు. చెంబు తీసి కింద పెట్టాడు. కాగితాన్ని మడిచి అనసూయ చేతికిచ్చాడు. "నేను గూడ ఠాణాకొస్త," అన్నాడు. "చూసింది చెప్త."

సోమవారం పొద్దున గ్యాంగులో మిగిలిన పదహారు మందీ ఠాణాకు నడిచారు. ఇన్‌స్పెక్టరు అనసూయను ఒక్కదాన్నే లోపలికి రమ్మన్నాడు. చదివే మనిషి కావాలని ఆమె ప్రేమలత చెయ్యి వదల్లేదు. మిగతావాళ్లు తలుపు బయట నిలబడ్డారు. తలుపు తెరిచే ఉంది.

"వాళ్లు సరిహద్దు అవతలి వాళ్లని నీకు తెలుసా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు మరాఠీలో.

"తెలుసు."

అతను కలం ఆపి తలెత్తాడు. అందరూ తెలియదనే అంటారు. "తెలిసే పనిలో పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నది సేఠ్. తెలిసే పెట్టుకున్నడు. తెలిసింది గనుకనే పెట్టుకున్నడు. మా అందరి ముందట చెప్పిండు."

"కాగితంలో యజమానివి నువ్వు."

"సాబ్, నేను మాలికునైతే, నేను ఆపుమన్నప్పుడు బెల్టు ఆగేది. ఆమె చెయ్యి ఉండేది."

ఇన్‌స్పెక్టరు ఆ మాట రాయలేదు. రెండు వరుసలు రాసి కాగితం ఇటు తిప్పాడు. ప్రేమలత చదివింది. "తెలుసని ఒప్పుకున్నది. గంతే రాసిండక్కా."

"మిగతాది గూడ రాయమను."

"నేను అడిగినదానికి జవాబే రాస్తాను. సంతకం పెట్టు."

అనసూయ కలం అందుకోలేదు. పక్కనున్న కానిస్టేబులు ఇంకు పెట్టె జరిపాడు. దాని వైపూ చూడలేదు. "అనని మాట రాస్తే పెట్టొద్దు, అన్న మాట రాయకున్నా పెట్టొద్దు. ఇన్నేండ్లకు తెలిసింది నాకు," అంది.

తలుపు దగ్గరి నుంచి సారయ్య గొంతు వినిపించింది. "సాబ్, ఆమెను అడిగిన్రు. మమ్మల్ని గూడ అడుగుండ్రి. సేఠ్ వాళ్లను తెచ్చిన నాడు నేనున్న."

"నేను గూడ ఉన్న," అన్నాడు విఠల్. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు.

"మిమ్మల్ని ఎవరూ పిలవలేదు. ఠాణా ముందు గుంపు కడితే అందరి మీదా కేసు రాస్తాను."

"రాయుండ్రి," అన్నాడు సారయ్య. "ఏదో ఒక కాయితంల మా పేర్లన్న ఎక్కుతయి. నా పేరు సారయ్య."

ఒక్కొక్కరే పేరు చెప్పారు. ఎవరూ రాసుకోలేదు. అయినా పదిహేనో పేరు దాకా చెప్పారు.

"ఆ ఆరుగురు ఏడున్నరు సాబ్?" అని అనసూయ లేస్తూ అడిగింది.

"పంపించేశాం."

"ఎక్కడికి? ఆమెకు కుట్లు ఇప్పలే."

"పంపడం వరకే మా పని," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అది చెప్పేటప్పుడు మాత్రం అతను ఆమె వైపు చూడలేదు.

ఓంప్రకాష్ సేఠ్‌ను ఠాణాకు పిలిచారో లేదో ఎవరికీ తెలియదు. అనసూయను మాత్రం ఆ మధ్యాహ్నమే చంద్రపూర్ కోర్టుకు తీసుకుపోవడానికి పోలీసు వాన్ ఎక్కించారు. గ్యాంగు వాన్ వెనకే నడిచింది. వాన్ నిమిషంలో వాళ్లను దాటి పోవాల్సింది. కానీ మాజ్రి దగ్గర రైలు గేటు పడి ఉంది. వాన్ ఆగింది. నడుస్తున్నవాళ్లు వచ్చి దాని చుట్టూ నిలబడ్డారు. బొగ్గు రైలు మెల్లగా పోతోంది. వ్యాగన్ మీద వ్యాగన్. ఆ బొగ్గులో రాయి ఉండదు. ఏరిన చేతులు ఇవతల నిలబడి చూస్తున్నాయి.

ఆఖరి పెట్టె దాటింది. పట్టాల అవతల ఒక లారీ కనిపించింది. దాని నిండా మనుషులు, ఆడా మగా, ముఖాలకు గుడ్డలు కట్టుకుని. కోఠారి నుంచి వస్తున్న కొత్త గ్యాంగు. డ్రైవరు పక్కన వాళ్ల ముకద్దం ఈశ్వరయ్య ఉన్నాడు. అరవై దాటిన మనిషి. అనసూయను పెళ్లిళ్లలో, చావుల్లో ఎరిగినవాడు. వాన్ జాలీ వెనక ఆమెను చూసి తల బయటికి పెట్టాడు.

"చెల్లె, నువ్వేంది గా బండిల?"

"మాలికునైన అన్నా," అంది అనసూయ. "అందుకే పట్టుకపోతున్రు."

అతనికి అర్థం కాలేదు. ప్రేమలత గేటు కింది నుంచి దూరి పట్టాలు దాటింది. గేటు మనిషి కేకలేశాడు. ఆమె ఆగలేదు. లారీ పక్కకు వెళ్లి నిలబడింది.

"మామా, డిపో కాయితం మీద ఏలిముద్ర ఏసినవా?"

"నిన్న మున్షీ వచ్చి ఏపిచ్చుకున్నడు. గేటుకాడ చూపిచ్చుమని గిదిచ్చిండు." చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"నేను సదవచ్చునా?"

ఈశ్వరయ్య లారీ డ్రైవరు వైపు ఒకసారి చూశాడు. వాన్ వైపు ఒకసారి చూశాడు. కాగితం ఇచ్చాడు.

ప్రేమలత గట్టిగా చదివింది, లారీ వెనక ఉన్నవాళ్లకు కూడా వినిపించేలా. పట్టా ఎవరి పేరు మీద ఉందో చదివింది. మనుషుల్ని పెట్టుకున్నది ఎవరో చదివింది. మెషీన్ దగ్గర ఎవరికేమైనా బాధ్యత ఎవరిదో చదివింది. మూడు చోట్లా ఒకే పేరు ఉంది. చివర నీలం రంగు వేలిముద్ర ఉంది.

లారీలో ఎవరో ముఖానికి కట్టిన గుడ్డ కిందికి జార్చారు.

గేటు లేచింది. పోలీసు డ్రైవరు హారన్ కొట్టాడు. లారీ డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఈశ్వరయ్య చెయ్యి చాపి తాళంచెవి తిప్పాడు. ఇంజన్ ఆగింది. రోడ్డుకు సరిగ్గా మధ్యలో, పట్టాల పక్కన, లారీ అలాగే ఉండిపోయింది. వాన్ పోవడానికి దారి లేదు.

ముసలాయన మెట్టు మీద కాలు పెట్టి నెమ్మదిగా దిగాడు. వెనక్కి వచ్చి తన గ్యాంగు వైపు తలెత్తాడు.

"దిగుండ్రి," అన్నాడు. "డిపో మాలిక్ ఈశ్వరయ్య చెప్తుండు. ఇయ్యాల డిపో బంద్."